వెలుతురుకి పట్టిన బట్ట

పెడన,
29 జులై 2025, మంగళవారం.

చిరంజీవి దుర్గాశంకర్‌కి,

మీ అక్క మల్లీశ్వరి పెడన నుంచి ఆశీస్సులతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, మీ బావ, మగ్గం, ముగ్గురం క్షేమం. విజయవాడలో నువ్వు, మరదలు రాజేశ్వరి, పిల్లలు, షాపు అంతా క్షేమమని తలుస్తాను. క్షేమ సమాచారాలు అయిపోయాయి కాబట్టి ఇక తిట్లలోకి వస్తాను.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. ఫోన్‌లో నా నంబరు బ్లాక్ చేశావు. వాట్సాప్‌లో నీ ఫొటో కూడా కనిపించకుండా పోయింది. పోస్ట్‌మ్యాన్‌ని బ్లాక్ చేసే బటన్ ఇంకా ఎవరూ కనిపెట్టలేదు కదా, అందుకని ఇలా వస్తున్నాను. చింపేసే ముందు చివరిదాకా చదువు. ఇందులో నీకొక నోటీసు ఉంది.

ఆషాఢం అమ్మకాలప్పుడు జరిగింది నీకు గుర్తుండకపోవచ్చు. అన్నవాడు మర్చిపోతాడు, పడ్డవాళ్లు మర్చిపోరు. చీరల మూట భుజానేసుకుని వన్ టౌన్‌లో నీ షాపు మెట్లెక్కాను. పరుపు మీద ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు నువ్వు రెండు చీరలు పరిచి, రెండూ పెడన చేనేతే అంటున్నావు. రెండిటిదీ ఒకే రంగు, ఒకే అంచు. అందులో ఒకటి నేను నేసింది. రెండోది మరమగ్గం మీద పడ్డది. ఇది చేనేత కాదమ్మా అని వాళ్లతో చెప్పాను. నోరు జారి అన్నానని నువ్వు తర్వాత మరదలితో అన్నావట. జారలేదు, తెలిసే అన్నాను.

అప్పుడు నువ్వు నవ్వావు. చేతినేతకీ మరనేతకీ తేడా ఎవరికి తెలుస్తుందిలే అక్కా, కట్టుకునేవాళ్లకి రంగు నచ్చితే చాలు అన్నావు. వాళ్లూ నవ్వారు. నున్నగా ఉందని మరనేత చీరే తీసుకున్నారు. నా మూట విప్పకుండానే తిరిగి ఆటోలో పెట్టించి, శ్రావణానికి సరిపడా సరుకు ఉందన్నావు. ఆ మాట బయటివాడు అనుంటే పోనీలే అనుకుందును. మన నాన్న ఒళ్లో కూర్చుని, పేక దారం మోసే నాడె విసరడం నేర్చుకున్నవాడివి నువ్వు. అందుకే షాపు ముందు నిలబడి వీధి వీధంతా వినేట్టు అరిచాను. దానికి నేనేమీ సిగ్గుపడటం లేదు.

నీకు తెలియని సంగతి ఒకటుంది. ఆ మూట తిరిగి వచ్చిందని తెలిశాక మీ బావ రెండు రోజులు మగ్గం ముట్టలేదు. మూడో రోజు, విజయవాడలో ఏదో అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మెన్ పని ఉందటే, శ్రావణం చూసుకుని చేరిపోతాను, మగ్గం విప్పేద్దాం అన్నాడు. కోపంగా అంటే నేనూ కోపంగా బదులిచ్చేదాన్ని. అన్నం కలుపుకుంటూ మామూలుగా అన్నాడు. నేను కంచంలో చెయ్యి కడిగేశాను. నీకు కట్టుకునేవాళ్ల రంగు గొడవ. నాకు మగ్గం ఉంటుందా పోతుందా అన్న గొడవ.

ఇప్పుడు ఆ రోజు నీ షాపు నుంచి నేను ఎక్కడికి వెళ్లానో చెబుతాను. రైలు టైముకి ఇంకా చాలా వ్యవధి ఉంది. మూటతో సహా గుణదల వెళ్లాను. మేరీమాత తిరునాళ్లకి ఏటా నేను అక్కడ చీరలు అమ్ముతాను కదా, అక్కడే పరిచయం దీవెన. వాళ్ల నాన్న పెట్టిన టీవీ రిపేరు షాపు ఇప్పుడు తనే నడుపుతోంది. నా చీరలంటే ప్రాణం. సంగతంతా విని, అక్కా, మీరు నేస్తుంటే వీడియో తీసి, మీ తమ్ముడి షాపు ఎదురుగోడ మీద సినిమాలా వేద్దాం, తేడా వాళ్లే చూసుకుంటారు అంది. ప్రొజెక్టర్ ఎక్కడిదే అన్నాను. చేద్దాం అంది. అద్దెకు దొరుకుతుందని నాకూ తెలుసు. కానీ చేత్తో చేసేదాని గురించి చూపించేటప్పుడు, చూపించేదాన్ని కూడా చేత్తోనే చేద్దామన్న పౌరుషం పుట్టింది. మన ఇంటి పౌరుషమే, నీకు తెలియనిదేం కాదు.

ఎలా చేస్తారో చెబుతాను విను. టీవీలో మనకి బొమ్మ కనిపించే గాజుకి సొంతంగా వెలుతురు ఉండదట. వెనక దీపాలుంటాయి. ఆ వెలుతురుని ఒకచోట ఆపడం, ఒకచోట వదలడం, అంతే ఆ గాజు చేసేది. మీ బావని కూడా గుణదల తీసుకెళ్లాను, దీవెన షాపులో ఒక చిన్న పాత టీవీ విప్పి గాజు బయటికి తీశాం. వెనక దీపాల బదులు వీధి లైట్లలో వేసే వంద వాట్ల ఎల్‌ఈడీ బిళ్ల పెట్టాం. అది అరగంటలో కుంపటి అయిపోతుంది కాబట్టి దాని వీపుకి అల్యూమినియం దిమ్మ, పాత కంప్యూటర్‌లో ఫ్యాను. ముసలివాళ్లు పేపరు చదువుకునే ప్లాస్టిక్ భూతద్దం ఒకటి వెలుతురుని పోగుచేయడానికి, గుండ్రటి గాజు భూతద్దం ఒకటి బొమ్మని గోడ మీదకి తోయడానికి. కొండపల్లి బొమ్మల చెక్క తేలిగ్గా ఉంటుందని దీవెన బంధువులెవరో నాలుగు పలకలు ఇస్తే వాటితో పెట్టె బిగించాం. మొదటిసారి వెలిగించినప్పుడు బొమ్మ తలకిందులుగా పడింది. దీవెన తీసిన వీడియోలో నేను మగ్గం మీద కాళ్లు పైకి పెట్టి నేస్తున్నాను. మీ బావ కడుపుబ్బ నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడులే అని నేనూ ఊరుకున్నాను.

తర్వాత గాజు తిప్పి పెట్టాం. బొమ్మ నిలబడింది కానీ మసకగా ఉంది. ఆదివారం దీవెన ప్రార్థనకి వెళ్లింది. నేను, మీ బావ షాపులో ఉన్నాం. గాజు పట్టుకుని చూస్తే దాని మీద ఏదో పొర అతుక్కుని ఉంది. గంజి అనుకున్నాను. కొత్త బట్ట మీద గంజి ఉంటే మనమేం చేస్తాం? వేడినీళ్లలో తడిపి నానబెట్టి రుద్దుతాం. నేనూ అదే చేశాను. తడిగుడ్డ కప్పి, నానాక గోటితో లేపితే పొర చక్కగా ఊడి వచ్చింది. గాజు తళతళలాడింది. మహా పని చేశానని మురిసిపోయి వెలిగిస్తే గోడంతా తెల్లగా ఉంది. బొమ్మ లేదు.

దీవెన వచ్చి తలపట్టుకుంది. ఆ గాజుకి ముందూ వెనకా రెండు పొరలుంటాయట. ఒకటి నిలువు వెలుతురుని పోనిస్తుంది, ఒకటి అడ్డం వెలుతురుని. రెండూ కలిస్తేనే బొమ్మ. మనకి పడుగూ పేకా ఎలాగో అలాగన్నమాట. నేను పడుగు పీకి పారేసి చీర ఎక్కడుందా అని వెతుక్కుంటున్నాను. నవ్వుకో. ఈ ఉత్తరంలో నువ్వు నవ్వుకోవలసిన చోటు ఇదొక్కటే.

నాకు ఏడుపు వచ్చింది. పనికిరాని గాజుని బయటికి లాగేశాను. మీ బావ భుజం మీద తువ్వాలు తీసి, పెట్టె లోపల నేను కార్చిన నీళ్లు తుడుస్తున్నాడు. తుడుస్తూ తుడుస్తూ, ఫ్యాను తిరుగుతోందో లేదో చూద్దామని స్విచ్ వేశాడు. తువ్వాలు కొస పెట్టెలోనే, గాజు ఉండవలసిన చోట వేలాడుతోంది.

గోడ నిండా నేత కనిపించింది.

ఒక్కో దారం పురికొసంత లావున, పైనించి కిందకి, ఇటు నుంచి అటు. దారం పైకి లేచి కిందకి దిగడం, రెండు దారాల మధ్య నుంచి వెలుతురు చుక్క చుక్కగా రావడం, అంతా గోడంత ఎత్తున కనిపించింది. అది మీ బావ నేసుకున్న తువ్వాలే. ఆయన గోడ దగ్గరికి వెళ్లి చెయ్యి పెట్టి, ఇదుగో ఇక్కడ లేచానే, వాన జల్లు కొడుతోందని కిటికీ వేయడానికి అన్నాడు. అక్కడ సన్నటి పల్చటి చార ఉంది. మళ్లీ కూర్చున్నాక పేకని బిగించే మొదటి నాలుగు దెబ్బలు గట్టిగా పడ్డాయట, అక్కడ దారాలు దగ్గరగా ఉన్నాయి. బట్ట ముడుచుకోకుండా అడ్డంగా బిగించే కర్ర ఉంటుంది కదా, దాని సూదులు దిగిన చిల్లులు అంచులో దీపాల్లా వెలిగాయి. చేత్తో జరుపుకునే కర్ర కాబట్టి ఒకచోట దగ్గరగా, ఒకచోట ఎడంగా ఉన్నాయి.

దీవెన ఊరుకుంటుందా. నీ షాపులో చేనేత అని చెప్పి అమ్మిన చీర ఇంట్లో ఉంటే పరుగున వెళ్లి తెచ్చింది. దాన్ని పెట్టాం. లెక్కల పుస్తకంలో గళ్లలా వచ్చింది. ఎక్కడా ఎవరూ లేవలేదు, ఎవరికీ అలుపు రాలేదు, ఎవరి చెయ్యీ ఆగలేదు. దీవెన కాసేపు చూసి, మీ తమ్ముడు నాకు అబద్ధం కట్టబెట్టాడక్కా అంది.

అప్పటినుంచి మాకిదో పిచ్చి పట్టుకుంది. పెట్టె పెడనకి తెచ్చుకున్నాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక తలుపులు వేసి వీధిలో వాళ్లందరి బట్టలూ పెట్టి చూస్తున్నాం. ఎవరి చెయ్యి వాళ్లదే, చేతిరాతలాగా. ట్రంకు పెట్టెలో నాన్న పాత పంచె ముక్క దొరికింది. ఆయన మగ్గంలో దారాలను వరసగా నిలిపే అచ్చుకి కుడివైపు ఒక పుల్ల వంగి ఉండేది, గుర్తుందా? మార్చమంటే, ఉండనీ, నా సంతకం అనేవాడు. కుడి అంచుకి బెత్తెడు దూరంలో ఆ గీత గోడ మీద నిలువునా వెలిగింది. అందరం లేచి నిలబడ్డాం. నీ నేత ముక్క ఒక్కటీ మిగల్లేదు కాబట్టి నువ్వు బతికిపోయావు. నాడె తిరిగి వచ్చేటప్పుడు పేకని గట్టిగా గుంజేవాడివి, ఎడమ అంచు లోపలికి ముడుచుకుపోయేది. నాన్న మొట్టికాయలు మొట్టినా నీ గుంజుడు మానలేదు. చివరికి మగ్గమే మానేసి కత్తెర, గజంబద్ద పట్టుకున్నావు.

ఒక మాట స్పష్టంగా చెబుతున్నాను. మరనేతని నేను తిట్టడం లేదు. అదీ ఎవరో నలుగురికి అన్నం పెడుతోంది. దాన్ని దాని పేరుతో అమ్ముకో, నేను అడ్డం రాను. నా పేరుతో దాన్ని అమ్మకు. ఇంటిగుట్టు లంకకి చేటని మరదలి చేత ఫోన్ చేయించావు కదా. ఇది ఇంటిగుట్టు కాదు. ఇంటికి అన్నం పెట్టే పని.

ఇక నోటీసు. ఆగస్టు ఏడో తారీకు గురువారం, చేనేత దినోత్సవం. నీ షాపుకి పెద్ద బ్యానరు కడతావని తెలుసు. మర్నాడే వరలక్ష్మీ వ్రతం కాబట్టి సాయంత్రం నీ షాపులో ఇసుకేస్తే రాలదు. ఆ రోజు దీపాలు పెట్టే వేళకి నేను, మీ బావ, దీవెన మా పెట్టెతో నీ షాపు ఎదురుగా దిగుతాం. ఎదుటి గోనెసంచుల గోడౌన్ శౌరయ్య గారి గోడకి తెల్లసున్నం కొట్టించి ఉంది. అడిగాం, ఒప్పుకున్నారు, కరెంటు కూడా ఆయనే ఇస్తానన్నారు. ముందు మా గోనె పెట్టి చూపించండమ్మా అన్నారు. చూపించాం. కిటికీ ఊచల్లా వచ్చేసరికి తెగ సంబరపడ్డారు.

నీ షాపులో చీర తీసుకున్న ఏ ఆడమనిషైనా రోడ్డు దాటి వచ్చి, కొంగు ఆ పెట్టెలో పెట్టి చూసుకోవచ్చు. నేను నీ గురించి ఒక్క మాట మాట్లాడను. గోడ మాట్లాడుతుంది. పోలీసుల్ని పిలుస్తావా, పిలుచుకో. వాళ్ల ఇళ్లలోనూ ఆడవాళ్లుంటారు, వాళ్లకీ చీరలు కావాలి. వాచ్‌మెన్ పని ఇస్తామన్నవాళ్లకి ఏడో తారీకు తర్వాతే ఏ సంగతీ చెబుతానని మీ బావ కబురు పెట్టాడు. ఆ మాత్రం ఆశ ఆయనలో మళ్లీ మొలిచిందంటే ఆ చెక్కపెట్టె పుణ్యమే.

చివరగా మన నాన్న సంగతి. ఇది రాయకూడదనుకున్నాను, కానీ రాయకపోతే నాకు నిద్రపట్టదు. నాన్నకి కాళ్లు పడిపోయాక, ఇక్కడ చోటు లేదంటూ ఆయన స్టాండు మగ్గాన్ని విప్పి వ్యాను ఎక్కించుకుపోయావు. నాన్న అడ్డు చెప్పలేదు. నువ్వు దాన్ని ఏ కట్టెల అడితికి వేశావో అని మేం అనుకోని రోజు లేదు. పోయిన కార్తీకంలో ఆయన పోయినప్పుడు షాపు కవరులో పంచెల చాపు తెచ్చి, పంచె ఆయన మీద కప్పావు. జీవితమంతా బట్ట నేసినవాణ్ణి షాపు సరుకుతో సాగనంపావు. ఆ జతలో కండువా అదే కవరులో పెట్టి, ఒక్క మాట మాట్లాడకుండా నా చేతికిచ్చి వెళ్లిపోయావు. ఇంతవరకు నేను ఆ కవరు విప్పలేదు. విప్పితే ఒళ్లు మండుతుందని విప్పలేదు. ఆ సాయంత్రం అన్నిటికంటే చివర ఆ కండువా పెట్టెలో పెడతాను. మన నాన్న మీద నువ్వు కప్పింది ఏమిటో నువ్వే నీ గల్లా దగ్గర కూర్చుని చూద్దువుగాని.

మరదలికి, పిల్లలకి నా ఆశీస్సులు. పిల్లల మీద నాకేం కోపం లేదు.

ఇట్లు,
తేడా తెలిసిన నీ అక్క,
మల్లీశ్వరి

తా.క. బుధవారం, మధ్యాహ్నం. పైన రాసింది కొట్టెయ్యను. కోపంగా రాసిందైనా రాసింది నేనే, చదువుకో.

పొద్దున పోస్టాఫీసుకి బయల్దేరబోతూ ఆగిపోయాను. జనానికి చూపిస్తానని బెదిరించినదాన్ని ముందు నేను చూడకపోతే ఎలా అనిపించింది. ట్రంకు పెట్టెలోంచి కవరు తీసి విప్పాను. విప్పుతూనే అది చేనేతని వేళ్లకి తెలిసింది. అయినా నా వేళ్లని నేనే నమ్మలేక మీ బావని పిలిచి, తలుపులు వేసి, పెట్టె వెలిగించాను.

అంచులో చిల్లులు వెలిగాయి. దగ్గరగా కొన్ని, ఎడంగా కొన్ని. కుడి అంచు తిప్పి పెడితే, బెత్తెడు దూరంలో గీత, నిలువునా, పై నుంచి కిందదాకా. అది నాన్న అచ్చు, నాన్న మగ్గం. కానీ నాన్న మంచం దిగలేని రోజుల్లో నేసిన బట్ట అది. దారం ఇంకా కొత్తది. మరి ఆ మగ్గం మీద ఎవరు కూర్చున్నారని ఎడమ అంచు పెట్టి చూశాను.

లోపలికి గుంజుకుపోయి ఉంది రా. కొస నుంచి కొసదాకా. అన్ని మొట్టికాయలు తిన్నా ఆ గుంజుడు పోలేదు నీకు.

ఆగిన చోట్లు కూడా లెక్కలేనన్ని ఉన్నాయి. చెయ్యి అలవాటు తప్పినవాడు ఆగి, చూసుకుని, మళ్లీ కూర్చున్న చోట్లు. షాపు మూశాక నీ సరుకు గోడౌన్‌లో ఒంటరిగా నేసుకునేవాడివేమో. ఎవరికీ చెప్పలేదు, మరదలికి కూడా చెప్పి ఉండవు. నాన్నకి చెప్పావా? చెప్పే ఉంటావు. అందుకేనేమో మగ్గం పోతుంటే ఆయన కిక్కురుమనలేదు. నేను గోడ పట్టుకుని ఏడ్చాను. ఏడ్చాను కదా అని మానేస్తాననుకోకు.

ఏడో తారీకున వస్తున్నాం. కండువా చివర పెట్టను, అన్నిటికంటే ముందు పెడతాను. నువ్వు గల్లా దగ్గర నుంచి లేచి, రోడ్డు దాటి వచ్చి, ఇది ఎవరు నేశారో ఆ ఆడవాళ్లందరి ముందు నీ నోటితో చెప్పాలి. చెప్పలేకపోతే నేను చెబుతాను. తేడా ఎవరికి తెలుస్తుందన్నావు కదా, తెల్లగోడ మీద నీ చేతిని మీ బావ కంటే ముందు నేనే పోల్చుకున్నాను.

నీ గోడౌన్ తాళంచెవి జేబులో వేసుకుని రా. నాన్న మగ్గం చూడందే నేను రైలెక్కను.